మన తర్వాత వీళ్లెలా బతకాలి? జవాబు ఇంట్లోనే మొదలవ్వాలి

మా ఇల్లు చోవా చూ కాంగ్‌లో. పొద్దున్నే పాపను స్కూల్లో దింపి, లాట్ వన్ దగ్గర కూరగాయలు తీసుకుని వచ్చేటప్పుడు బస్ ఇంటర్‌చేంజ్‌లో కొందరు పిల్లలు కనిపిస్తుంటారు. పిల్లలంటే చిన్నవాళ్లు కాదు, 17 నుంచి 21 ఏళ్ల వాళ్లు. యూనిఫాం వేసుకుని, బస్సు నంబర్ చూసుకుని, వరసలో నిలబడి ఎక్కుతారు. చోవా చూ కాంగ్ గ్రోవ్‌లో, ఐటీఈ కాలేజ్ వెస్ట్ ఉన్న వీధిలోనే ఏపీఎస్ఎన్ డెల్టా సీనియర్ స్కూల్ ఉంది. స్వల్ప మేధో వైకల్యం ఉన్న యువతీ యువకులకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే బడి అది.

ఒకరోజు ఒక అబ్బాయి బస్సెక్కి కార్డు పెడితే డబ్బు చాలలేదని మెషీన్ కూత పెట్టింది. వెనక పది మంది ఉన్నారు. నేనైతే కంగారు పడేదాన్ని. అతను దిగి, పక్కకు జరిగి, వెనకవాళ్లను ఎక్కనిచ్చి, టాప్ అప్ మెషీన్ దగ్గరికి నడిచి వెళ్లాడు. తర్వాతి బస్సులో వెళ్లి ఉంటాడు. చూడటానికి చాలా చిన్న విషయం. కానీ ఇంటికొచ్చి సంచి కింద పెట్టాక నాకు కాసేపు ఏ పనీ తోచలేదు.

ఎందుకంటే తెనాలిలో నాకు ఒక తమ్ముడున్నాడు. 31 ఏళ్లు. ఇంట్లో చిన్నా అంటాం. వాడు ఇప్పటిదాకా ఒంటరిగా ఆటో ఎక్కింది లేదు. నిరుటి వరకు వాడికి మా అమ్మే స్నానం చేయించేది.

అసలు విషయం ఐక్యూ కాదు

ముందు ఒక మాట. ఇది పిచ్చి కాదు, మానసిక జబ్బు కాదు. మన ఊళ్లలో ఈ రెండింటినీ ఇప్పటికీ కలిపేస్తున్నారు. మేధో వైకల్యం అంటే నేర్చుకోవడం, ఆలోచించడం, రోజువారీ పనులు చేసుకోవడం చిన్నప్పటి నుంచీ కష్టంగా ఉండటం. మందులతో పోయేది కాదు. నేర్పితే మాత్రం మారుతుంది.

ఒకప్పుడు డాక్టర్లు ఐక్యూ నంబర్ చూసి స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని చెప్పేవారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తెచ్చిన డీఎస్ఎమ్-5 ఈ పద్ధతిని మార్చింది. తీవ్రతను నిర్ణయించాల్సింది ఐక్యూతో కాదు, మనిషి రోజువారీ జీవితంలో ఎంతవరకు నెగ్గుకు రాగలుగుతున్నాడనే దానితో అంది. తినడం, శుభ్రత, డబ్బు, ప్రయాణం, నలుగురితో మెలగడం, వీటిలో ఎంత సాయం అవసరమో అదే కొలత.

బీజెడ్‌సీ చదివినదాన్ని కాబట్టి ఇది చదివినప్పుడు నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. ఐక్యూను మనం పెద్దగా మార్చలేం. స్నానం చేయడం, అన్నం వండటం, బస్సెక్కడం నేర్పగలం. అంటే మన చేతిలో ఉన్న భాగమే అసలు కొలత అయింది.

సింగపూర్ ఏం చేస్తోంది?

ఇక్కడ మేధో వైకల్యం ఉన్నవారి కోసం మైండ్స్ సంస్థ 1962 నుంచి పనిచేస్తోంది. ఏపీఎస్ఎన్ 1976లో మొదలైంది. ప్రత్యేక పాఠశాలల కోసం విద్యాశాఖ 2012లో ఇచ్చిన పాఠ్య ప్రణాళికలో లెక్కలు, భాషలతో సమానంగా రోజువారీ జీవన నైపుణ్యాలను ఒక విభాగంగా పెట్టారు. అంటే పళ్లు తోముకోవడం, బట్టలు మడతపెట్టడం, కిరాణా కొట్లో చిల్లర తీసుకోవడం కూడా సిలబస్సే. 2019లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలతో మొదలుపెట్టి, ప్రత్యేక అవసరాలున్న పౌరుల పిల్లలకూ నిర్బంధ విద్య వర్తింపజేశారు.

డెల్టాలో హోటల్ గదులు సర్దడం, వంట, వడ్డన, తోటపని, దుకాణం పని లాంటివి నేర్పుతారు. బడి నుంచి ఉద్యోగానికి చేర్చే కార్యక్రమం ఒకటి 2014 నుంచి ఉంది. 2022లో విడుదలైన ఎనేబ్లింగ్ మాస్టర్‌ప్లాన్ 2030 ఒక లక్ష్యం కూడా పెట్టుకుంది. పని చేసే వయసున్న దివ్యాంగుల్లో 40 శాతం మందికి 2030 నాటికి ఉద్యోగాలుండాలని. ఇప్పుడు ఆ సంఖ్య మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంది.

మంచి లక్ష్యమే. కాకపోతే నాకో సందేహం. ఉద్యోగాన్ని లెక్కపెట్టడం తేలిక. ఆ ఉద్యోగం కింద ఉన్న పునాదిని ఎవరు లెక్కపెడతారు? కుర్రాడికి హోటల్లో దుప్పటి ముడతల్లేకుండా పరచడం వచ్చు. కానీ ఇంట్లో అలారం పెట్టేది అమ్మ, చొక్కా ఇస్త్రీ చేసేది హెల్పర్, బస్సెక్కించేది నాన్న. ఈ ముగ్గురిలో ఒకరు మంచాన పడితే ఆ ఉద్యోగం ఎన్నాళ్లు నిలుస్తుంది? చాలా ఇళ్లలో ఉద్యోగం పోయేది పని రాక కాదు, పనికి సమయానికి శుభ్రంగా చేరలేక.

18 తర్వాత

ఇక్కడి తల్లిదండ్రులు భయంగా చెప్పుకునేది బడి అయిపోయే రోజు గురించి. కొందరికి అది 18, కొందరికి 21. నిన్నటిదాకా వారానికి ఐదు రోజులు టీచర్, థెరపిస్టు, తోటి పిల్లలు. మర్నాడు నాలుగు గోడలు. ఎక్కువ సాయం కావాల్సినవారికి డే యాక్టివిటీ సెంటర్లు ఉన్నాయి. కొందరికి రక్షిత వర్క్‌షాపులు. 2023లో తాంపనీస్‌లో ఎనేబ్లింగ్ సర్వీసెస్ హబ్ తెరిచారు. బడి అయిపోయినవాళ్లు ఇంటి దగ్గర్లోనే ఏదో ఒకటి నేర్చుకుంటూ, నలుగురిలో ఉండేందుకు అది ఒక చోటు. మా వైపు ఉన్నవాళ్లకి తాంపనీస్ అంటే ద్వీపం ఆ చివర నుంచి ఈ చివరకు. ఇలాంటివి ప్రతి పెద్ద టౌన్‌లో రావాలి.

మన తెలుగువాళ్ల పరిస్థితి ఇంకొంచెం వేరు. మనలో చాలామంది ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీదో, డిపెండెంట్ పాస్ మీదో ఉన్నవాళ్లం. నిర్బంధ విద్య చట్టం పౌరుల పిల్లలకే. ప్రత్యేక పాఠశాలలో మన పిల్లలకు ఫీజు చాలా ఎక్కువ. పాస్ పోతే బడీ పోతుంది. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది తెనాలిలోనో, వరంగల్‌లోనో కూడా పనికొచ్చేలా నేర్పించుకోవాలి. పీఆర్, పౌరసత్వం ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బిడ్డకు 21 నిండితే చట్టం దృష్టిలో పెద్దవాడు. సొంతంగా నిర్ణయాలు తీసుకునే సామర్థ్యం లేకపోతే వారి తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి తల్లిదండ్రులు కోర్టు ద్వారా డిప్యూటీగా నియమితులవ్వాలి. ఆ పనిని తేలిక చేసే సహాయ కార్యక్రమం ప్రత్యేక పాఠశాలల ద్వారా ఉంది. స్కూల్లో అడగండి.

మన రాష్ట్రాల్లో

దేశంలోనే ఈ రంగంలో మొదటి జాతీయ సంస్థ మన దగ్గరే ఉంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్. 1984లో పెట్టిన ఆ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. పిల్లవాడు ఏ పని ఎంతవరకు చేయగలడో చూసి, అక్కణ్ణుంచి నేర్పడానికి వాళ్లు తయారుచేసిన చెక్‌లిస్టులను దేశంలోని ప్రత్యేక పాఠశాలలు వాడుతున్నాయి. అంటే విద్య మన దగ్గర లేక కాదు. బోయిన్‌పల్లి నుంచి మా వీధి దాకా రాలేదంతే.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద మేధో వైకల్యం ఉన్నవారు సుమారు 15 లక్షల మంది అని తేలింది. ప్రపంచవ్యాప్తంగా ఇది దాదాపు నూటికి ఒకరిలో ఉంటుందని అంచనా. ఆ లెక్కన 121 కోట్ల జనాభాలో కోటికి పైగా ఉండాలి. మిగతావాళ్లంతా ఏమయ్యారు? ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు లోపలి గదిలో ఉన్నారు. లేదా 'మా వాడు కాస్త నెమ్మది' అని చెప్పి పంపించేశారు. మా నాన్న కూడా అదే చెప్పారు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యకు హామీ ఇస్తోంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆంధ్రలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి 6,000 రూపాయలు. తెలంగాణలో 2023 నుంచి 4,016. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఉంది. 18 దాటాక సంరక్షకుల నియామకానికి జిల్లా స్థాయి కమిటీలూ ఉన్నాయి. ఇవన్నీ అవసరమే, మా అమ్మకు ఆ పింఛను పెద్ద ఆసరా కూడా. కానీ పింఛనుతో బియ్యం వస్తాయి, వండుకోవడం రాదు. 18 దాటిన మనిషికి ఇంటికొచ్చి, లేదా ఇంటి దగ్గర్లో, రోజువారీ పనులు నేర్పేవాళ్లు చాలా ఊళ్లలో లేరు. మా ఊళ్లో ఒక బడి వాళ్లు చిన్నాను రెండో తరగతిలోనే ఇంటి దగ్గర ఉంచుకోమన్నారు. తర్వాత చేరిన ప్రత్యేక పాఠశాలలో పదేళ్లు పూసలు గుచ్చించారు. 18 ఏళ్లు వచ్చినా వాడు ఆపిల్ బొమ్మకు ఎర్ర రంగు వేస్తూనే ఉన్నాడు. చొక్కా గుండీలు మాత్రం అమ్మే పెట్టేది.

అమ్మ చెయ్యి విరిగాక

నిరుడు అమ్మ వరండాలో జారిపడింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆరు వారాలు కట్టు. నాన్న లేరు. నేను ఫ్లైట్ దొరికించుకుని వెళ్లేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వాడికి స్నానం లేదు.

నేను వెళ్లిన రోజు చేయించబోయాను. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన తమ్ముడే కదా అనుకున్నాను. వాడు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయాడు. వాడికి సిగ్గు తెలుసు. స్నానం చేసుకోవడమే తెలియదు. అది వాడి తప్పు కాదు, ముప్పై ఏళ్లుగా మేమెవరం నేర్పలేదు.

ఇక్కడ ఇంకో భయం కూడా ఉంది, ఎవరూ పైకి అనరు. తన ఒంటిని ఎవరెవరో తాకడం రోజూ అలవాటైన మనిషికి, తప్పుడు తాకిడి ఏదో ఎలా తెలుస్తుంది? స్నానం, బట్టలు మార్చుకోవడం, బాత్రూం తలుపు వేసుకోవడం నేర్పడం శుభ్రత కోసమే కాదు, రక్షణ కోసం కూడా. ఆడపిల్లలున్న ఇళ్లలో మరీ.

ఎలా నేర్పాలో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 1970లలో అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ గోల్డ్ తీవ్ర వైకల్యం ఉన్నవారి చేత 15 భాగాల సైకిల్ బ్రేకు బిగించి చూపించారు. అప్పటివరకు వాళ్లకేమీ రాదని నిపుణులే అనుకునేవారు. ఆయన చేసింది, పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క నేర్పడం. రాకపోతే మనిషిని తప్పుపట్టకుండా నేర్పే పద్ధతిని మార్చడం.

మేమూ స్నానాన్ని ముక్కలు చేశాం. నా పాత ప్రాక్టికల్ రికార్డులా ఒక నోట్‌బుక్‌లో రాస్తే 17 మెట్లు వచ్చాయి. తువ్వాలు కొక్కేనికి తగిలించడం ఒకటో మెట్టు. స్నానం అయ్యాక తడి తువ్వాలు దండెం మీద ఆరేయడం పదిహేడోది. నేర్పడం మాత్రం చివరి నుంచి మొదలుపెట్టాం. పదహారు మెట్లు మనం చేయించి, చివరిది వాడికి వదిలేయాలి. పని పూర్తిచేసింది వాడే అవుతాడు, ఆ సంతోషం వాడిదే. అది వచ్చాక చివరి రెండూ, తర్వాత చివరి మూడు. ఇలా వెనక్కి వెళ్లాలి.

బాత్రూంలోకి నేను వెళ్లలేదు. మా బాబాయి కొడుకు పది రోజులు పొద్దున్నే వచ్చి, తను నిక్కరు వేసుకుని పక్కనే స్నానం చేసి చూపించాడు. మొదట చెయ్యి పట్టి చేయించడం, తర్వాత వేలితో చూపించడం, తర్వాత ఒక్క మాట, ఆఖరికి ఏమీ అనకుండా ఉండటం. ఈ సాయం తగ్గించడమే అన్నిటికన్నా కష్టం. వాడికి కాదు, మనకు.

చిన్న చిన్న అడ్డంకులు వచ్చాయి. సబ్బు జారిపోతుంటే పాత సాక్స్‌లో వేసి ముడి వేశాం. షాంపూ ప్యాకెట్ చింపలేకపోతే, ఒక్కసారి నొక్కితే చాలినంత వచ్చే సీసా కొన్నాం. బకెట్ లోపల ఎర్ర పెయింటుతో గీత గీశాం, నీళ్లు అక్కడిదాకా. గీజర్ జోలికి వెళ్లనివ్వలేదు, వేడినీళ్లు ఇప్పటికీ అమ్మే కలుపుతుంది. గోడకు బొమ్మల కార్డులు అంటించాం. రాత్రి ఫోన్‌లో అమ్మ చెబితే ఏ మెట్టు సొంతంగా చేశాడో, ఏది చెబితే చేశాడో ఇక్కడ నేను నోట్‌బుక్‌లో టిక్కు పెట్టేదాన్ని.

ఏడో వారంలో ఒక పెళ్లికి ఆలస్యం అవుతోందని అమ్మ లోపలికి వెళ్లి గబగబా చేయించేసింది. మర్నాటి నుంచి వారం రోజులు వాడు మగ్గు పట్టుకుని అమ్మ కోసం నిలబడ్డాడు. టిక్కులన్నీ మళ్లీ వెనక్కి. అమ్మ మీద అరిచాను కూడా. తర్వాత బాధపడ్డాను. ముప్పై ఏళ్లు ప్రేమ అంటే అదే అనుకున్న మనిషి ఆమె.

మొత్తం అయిదు నెలలు పట్టింది.

మనం చేయగలిగేవి

మీ ఇంట్లో, బంధువుల్లో ఇలాంటి బిడ్డ ఉంటే, నాకు తెలిసినంతలో కొన్ని మాటలు.

ఒక్క పనితో మొదలుపెట్టండి. ఆ పని రోజూ ఉండేది, వాళ్ల గౌరవానికి సంబంధించింది అయితే మంచిది. పదేళ్లప్పుడే మొదలుపెడితే ఇంకా తేలిక. 31లో కూడా వస్తుంది.

వయసుకు తగినది నేర్పండి. పాతికేళ్ల మనిషికి పూసలు, రంగుల పుస్తకాలు వద్దు. వాళ్లకు కావాల్సింది రైస్ కుక్కర్, వాషింగ్ మెషీన్, గడియారం, పది రూపాయల నోటు.

నేర్పినచోటే కాకుండా వేరే చోట కూడా చేయించండి. చిన్నాకు స్టీలు గ్లాసుతో బియ్యం కొలవడం నేర్పాం. అమ్మ ఒకరోజు గాజు గ్లాసు ఇస్తే అలాగే నిలబడిపోయాడు. బడిలో వచ్చిన పని ఇంట్లో, సింగపూర్‌లో వచ్చిన పని ఇండియాలో దానంతటదే రాదు. సెలవులకు వెళ్లినప్పుడు అమ్మమ్మ ఇంట్లో కూడా అదే పని చేయించండి.

ఇంట్లో హెల్పర్ ఉంటే ఆమెకు కూడా చెప్పండి. పని త్వరగా ముగించడం ఆమెకు అలవాటు, బిడ్డ చేసేదాకా ఆగడం కూడా తన పనేనని మీరే చెప్పాలి. స్కూల్లో టీచర్ ఏ పనిని ఏ మెట్లలో నేర్పుతున్నారో రాసివ్వమని అడగండి. బడిలో ఒక తీరు, ఇంట్లో ఒక తీరు అయితే బిడ్డ తికమక పడతాడు.

మన సంఘాలకు కూడా ఒక విన్నపం. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది. ఉగాదికి, సంక్రాంతికి ఇంత బాగా కలుస్తాం కదా, ఇలాంటి కుటుంబాలు నెలకొక గంట కూర్చుని మాట్లాడుకునే చోటు పెట్టుకుందాం. కాలేజీ పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో యువకుడితో బస్సెక్కి లాట్ వన్‌కి వెళ్లి, ఒక బ్రెడ్డు ప్యాకెట్ కొనించుకుని రావచ్చు. వచ్చే ఉగాది కార్యక్రమంలో వీళ్లను వేదిక మీద నిలబెట్టి చప్పట్లు కొట్టడం కన్నా, వడ్డనలో అరిటాకులు వేసే పని అప్పజెబితే మేలు.

ప్రభుత్వాలకు చెప్పేదీ ఇదే. సింగపూర్ అయినా, అమరావతి అయినా, హైదరాబాద్ అయినా, ఉద్యోగాలు ఎన్ని, పింఛన్లు ఎన్ని అనే లెక్కతో పాటు ఇంకో లెక్క రాయాలి. ఎంతమంది సొంతంగా స్నానం చేస్తున్నారు, ఎంతమంది ఒక పూట వండుకోగలరు, ఎంతమంది ఒంటరిగా బస్సెక్కగలరు. 18 దాటాక కూడా ఆ నేర్పేవాళ్లు ఉండాలి.

పోయిన వారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "ఇవాళ నేను లేవకముందే స్నానం చేసేశాడే. వేడినీళ్లు లేకుండానే" అంది. నవ్వుతూనే, "ఇక వీడికి నాతో పనేముంది" అని కూడా అంది. ఆ మాటలో కాస్త దిగులు కూడా వినిపించింది. "ఉందమ్మా, రైస్ కుక్కర్ ఉంది కదా" అన్నాను.

కొత్త నోట్‌బుక్ తీశాను. అన్నం వండటానికి 14 మెట్లు వచ్చాయి. చివరిది, స్విచ్ ఆపడం.